కుక్కలు నాకిన నేల

డిటెక్టివ్ అప్పలసూరి నౌపడ స్టేషన్లో రైలు దిగేసరికి సోమవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. స్టేషన్ బయట అతనికోసం ఒక వ్యాను ఆగి ఉంది. దాని వెనక నాలుగు ఊరకుక్కలు చేరి, తలుపు కింది రేకుని ఆబగా నాకుతున్నాయి. ఒకదాని చెవి నిండా పుండు. ఆ పుండు మీద ఈగలు. పొద్దున్న విజయనగరంలో తిన్న ఇడ్లీలు అప్పలసూరికి గొంతు దాకా వచ్చాయి.

"ఛీ! తోలవయ్యా వాటిని!" అన్నాడు ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని.

అతనికి కుక్కంటే గిట్టదు. పోలీసు శాఖలో ఎస్సైగా ఉన్న రోజుల్లో పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించుకున్న మనిషి. ఆ తర్వాత పై అధికారులతో పడక ఉద్యోగం వదిలేశాడు, ప్రైవేటు డిటెక్టివ్ అయ్యాడు, జుట్టు కూడా సగం పోయింది. ఆ సూదులు మాత్రం ఇప్పటికీ గుర్తొస్తాయి. ఖర్మ కాకపోతే అలాంటివాడికి కుక్కల పోటీ కేసు తగలాలా?

"మాంసం మోసీ బండి కదు బాబూ, అందుకే నాకతన్నాయి," అన్నాడు డ్రైవరు కొండబాబు, కాలితో కుక్కల్ని తన్నుతూ. "నరసింగరావు దొరగారు పంపినారు. డాకటరుగారి సావు సంగతి తేల్చడానికి మీరొస్తన్నారని ఇన్‌స్పెక్టరుగారు సెప్పినారట. ఎక్కడికెల్లాలన్నా ఇదే బండి."

నరసింగరావు దొర అంటే ఆ చుట్టుపక్కల దివాణం వారసుడు, వేటకుక్కల పోటీ పెట్టించే ఆసామీ. ఆయన ఔదార్యం ముక్కుకి బాగానే తగిలింది. వ్యాను లోపల అటూ ఇటూ ఇనపగూళ్లు. అన్నీ ఖాళీ, ఒక్కటి తప్ప. అందులో పెద్ద వేటకుక్క ఒకటి మూలకి చేరి పడుకుని ఉంది. దవడ జారిపోయి, నోట్లోంచి తీగలు తీగలుగా చొంగ కారుతోంది. పక్కనే మూకుడులో నీళ్లు నిండా ఉన్నాయి. చుక్క కూడా తాగినట్టు లేదు.

"దానికేమైంది?"

"రాజా బాబూ. దొరగారి పేణం. జొరం సేసినాది. మిగతా కుక్కల్తో కలపొద్దన్నారు. సాయంత్రం పాతపట్నంలో నాటువైద్యుడికి సూపిస్తాం." కొండబాబు ముందు సీటు పక్కన వేలాడుతున్న తాడుని ముచ్చటగా తట్టాడు. "ఇది సూసినారా? పోటీలో ఇక్కడి నుంచే తాడు లాగితే నా ఎనకాల గూటి తలుపు పైకి లెగుస్తాది. కుక్క బానంలా ఎలిపోద్ది. దొరగారి తెలివి."

"నా ముందు మాత్రం లాగకు," అన్నాడు అప్పలసూరి. వ్యాను ఎక్కకుండా నడిచే బయల్దేరాడు. పోలీసు ఔటుపోస్టు రెండు వీధుల అవతలే.

దాని మెట్ల మీద గున్నమ్మ కూర్చుని ఉంది. నిన్న మధ్యాహ్నం విజయనగరం వచ్చి, అతని గుమ్మంలో కూలబడి, "మా మావని కాపాడు బాబూ" అన్న మనిషి ఈమే. ఆమె మావ, అంటే మొగుడు, గంగులు. పల్లెవాడు. చేపలవేట మానేసి పడవల మీద పేర్లూ బొమ్మలూ రాసుకు బతుకుతున్నాడు. ఈ పోటీకి దారి చూపించే బోర్డులు రాసి పాతింది అతనే.

కేసు ఇదీ. ఆదివారం పోటీ. దానికి జడ్జీగా రావలసిన పశువుల డాక్టరు జగన్నాధం, రిటైరైన పెద్దమనిషి, శనివారం తెల్లవారుజామున మూడింటికి విజయనగరంలో కారెక్కాడు. తనే నడుపుకుంటూ ఆరున్నరకి నౌపడ దగ్గరికి వచ్చాడు. దట్టమైన మంచు. రోడ్డు పక్కన కుక్కబొమ్మ బోర్డు చూసి కుడివైపు తిరిగాడు. అది పోటీ మైదానం దారి కాదు, ఉప్పుమడుల గట్టు. గట్టు చివర తూము కూలిపోయి ఉంది. కారు తలకిందులుగా ఉప్పుటేట్లో పడింది. పోటీ ఆగిపోయింది. గంగులు లాకప్పులో పడ్డాడు.

పదకొండుంపావుకి అప్పలసూరి అతనికి ఎదురుగా కూర్చున్నాడు. లాకప్పు మూల ఉచ్చకుండ ఎప్పుడు పారబోశారో ఎవరికీ గుర్తున్నట్టు లేదు. ఆ కంపులో నోరు తెరవాలంటేనే రోతగా ఉంది.

"బోర్డులు ఎన్ని రాశావు?"

"పద్నాలుగు బాబూ. కిరసనాయిలు డబ్బాలు కోసి, రేకులు సాపు సేసి, తెల్లరంగు కొట్టినాను. నల్లకుక్క పరిగెడతన్నట్టు గీసి, కింద ఎర్రబానం. అచ్చరాలు నాకు రావు. కుక్క ముక్కు ఎటుంటే తోవ అటు. ఎవుడికైనా తెలిసిపోవాల."

"ఎప్పుడు పాతావు?"

"మంగళారం. ప్రెతి మలుపుకాడా రెండు. మలుపులో ఒకటి, తిరిగినాక నూరడుగుల్లో ఇంకోటి."

"తిరిగాక మళ్లీ ఎందుకు?"

గంగులు తల ఎత్తాడు. పనిగురించి అడిగేసరికి కళ్లలోకి కొంచెం ప్రాణం వచ్చింది. "తిరిగినోడికి అనుమానం వస్తాది కదు బాబూ, సరైన తోవలోనే ఎల్తన్నానా అని. రెండోది కనబడితే గుండె నిమ్మళిస్తాది."

"కర్రలకి ఏదో పూశావట?"

"సొరసేప నూనె. ఉప్పునేల కర్రని తినేస్తాది. పడవ అడుక్కి రాసినట్టే కర్ర మొదలుకి రెండు మూరలు దట్టంగా పట్టించినాను. మావోల్లం ఏ కర్ర పాతినా అలగే సేస్తాం." గొంతు తగ్గింది. "అవి కుక్కల పోటీ బోర్డులని నాకు తట్టనేదు. ఆ వాసనకి ఊళ్లో కుక్కలన్నీ సేరిపోనాయి. నాకడం, కొరకడం. దొరగారు శుక్కురవారం పడవకి రంగేస్తంటే పిలిపించి తిట్టినారు."

"తిట్టి?"

గంగులు అరచేతులు ఒళ్లో దాచుకున్నాడు.

"శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం పొద్దుటి దాకా ఎక్కడున్నావు?"

"గురుతు నేదు బాబూ."

"ఇంటికి రానేదు!" ఊచల బయట నుంచి గున్నమ్మ అరిచింది. "ఎక్కడున్నావు మావా అంటే సెప్పడు! దేవుడా, సెప్పవేటి? నోరు పడిపోనాదా?"

"ఊరుకోయే!" అన్నాడు గంగులు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"ఆ బోర్డు గట్టు మీద పాతింది నువ్వేనా?" అన్నాడు అప్పలసూరి.

"నానే అయ్యుంటాను. మంగళారం కూడా మంచే. సెయ్యి తప్పినాదేమో. పెద్దాయన సచ్చిపోనాడు కదా బాబూ, నా బొమ్మ సూసే కదా అటు తిరిగినాడు. ఒప్పీసుకుంటాను. ఈ పీడ వదిలిపోద్ది."

అప్పలసూరికి ఒళ్లు మండింది. తిడదామని ముందుకి వంగాడు. అప్పుడు కనిపించింది, గంగులు చెవి వెనక బఠాణీ గింజంత బూడిదరంగు బుడిపె. దానికి కాళ్లున్నాయి. కదులుతున్నాయి.

గోమారి! రక్తం తాగి బలిసిన కుక్క గోమారి.

వేళ్లు బిగించి పీకాడు. అగ్గిపెట్టె ఖాళీ చేసి అందులో వేశాడు. గంగులు అరచేతులు కూడా తిప్పి చూశాడు. రెండూ గీరుకుపోయి, పచ్చి పుళ్లుగా ఉన్నాయి.

"మీ ఇంట్లో కుక్క ఉందా?"

"ఏదీ? ఉన్నదాన్ని నిరుడు మందు పెట్టి సంపీసినారు," అంది గున్నమ్మ. "పోటీకి అడ్డం వస్తాయని ఊరకుక్కలన్నిటికీ మాంసంలో మందు కలిపి పెట్టించినాడు ఆ దొర. వీధంతా నురగలే."

"దొర కాదు, డాక్టరు అనేగా వీడన్నది!" గుమ్మంలోంచి గొంతు వినిపించింది. సర్కిల్ ఇన్‌స్పెక్టరు పట్నాయక్. ఒకప్పుడు అప్పలసూరి పని చేసింది ఈయన కిందే. "మందు డాక్టరుదే అనుకుని నడివీధిలో ఆయన్ని నానా తిట్లూ తిట్టాడు వీడు. యాభై మంది విన్నారు. కోపం ఉంది. బోర్డు చేతిలో ఉంది. ఇంకేం కావాలి నీకు? నాలుగింటికి టెక్కలి మేజిస్ట్రేటు ముందు వీడే ఒప్పుకుంటాడు. ఆ తర్వాత ఉరా, యావజ్జీవమా అన్నదే మిగులుతుంది. రైలు టిక్కెట్టు దండగ చేసుకున్నావు."

"నాలుగింటికి ఇంకా నాలుగున్నర గంటలుంది," అన్నాడు అప్పలసూరి. అగ్గిపెట్టె జేబులో వేసుకుని బయటపడ్డాడు.

దొర బంగళా చేరేసరికి పన్నెండు ఇరవై అయిదు. కుక్కల భోజనాల వేళ. బాదం చెక్కతో చేసిన పళ్లేల్లో మేకమాంసం ముక్కలు పెట్టి వరసగా తినిపిస్తున్నారు. కుక్కల శాల పైకప్పుకి పంకాలు తిరుగుతున్నాయి. కింద పరుపులు. బంగళా గోడ అవతలే పల్లెవాళ్ల పిల్లలు ఎంగిలి విస్తరాకుల దగ్గర కాకులతో పోటీ పడుతున్నారు. అప్పలసూరికి ఉమ్మెయ్యాలనిపించింది. దొర ఎదురుగా ఉండబట్టి మింగాడు.

"ఇరవై రెండు," అన్నాడు నరసింగరావు. సన్నటి మనిషి, చేతుల నిండా గోళ్ల గీతలు. "ఒక్కొక్కటీ నాకు కన్నబిడ్డ. జగన్నాధం గారు కూడా అలాగే చూసేవారు. గురువారం రైల్లో వచ్చి అన్నిటినీ పరీక్షించి వెళ్లారు."

"పోటీ ఆదివారం. మళ్లీ శనివారమే బయల్దేరారెందుకు?"

"ఒకరోజు ముందొచ్చి మైదానం దగ్గర విడిదిలో విశ్రాంతి తీసుకుందామని."

"విశ్రాంతికి తెల్లవారుజామున మూడింటికి బయల్దేరతారా?"

దొర నవ్వాడు. "ముసలివాళ్లకి నిద్ర పట్టదు."

"మిగతా అతిథులు బోర్డులు చూసే వచ్చారా?"

"లేదు. అందర్నీ స్టేషన్ నుంచి మా కొండబాబే తెచ్చాడు. వాడికి బోర్డులెందుకు? కళ్లు మూసుకుని నడుపుతాడు."

"అయితే బోర్డు చూసి రావలసినవాడు ఒక్క డాక్టరే అన్నమాట. శుక్రవారం గంగుల్ని పిలిపించారట?"

"పిలిపించాను. నాలుగు చీవాట్లు పెట్టి పంపేశాను. వెధవ! నా బోర్డులకి చేపనూనె పూస్తాడా?"

అప్పలసూరి మాట్లాడుతూనే వరస చివరి దాకా నడిచాడు. ఆఖరి గూడు ఖాళీ. మనిషి నిలబడ్డానికి వీల్లేని ఎత్తు. లోపలి వైపు ఊచల మీద ఎర్రరంగూ తెల్లరంగూ అంటిన వేళ్ల గుర్తులు. లోపల మోకాళ్ల మీద కూర్చున్న మనిషి రెండు చేతులా ఊచలు పట్టుకుని గుంజితే ఎక్కడ పడాలో సరిగ్గా అక్కడే ఉన్నాయి. గచ్చు మీద ఎండిన చొంగ చారలు, ఆ చారల మధ్య గోమార్లు.

మనిషిని! పిలిచి పని చేయించుకున్న మనిషిని, రాత్రంతా కుక్క గూట్లో పెట్టి తాళం వేశారు. పెళ్లాం ఎదుట ఆ మాట చెప్పలేక ఉరికంబం ఎక్కడానికి సిద్ధపడ్డాడు వాడు. నీ దొరతనం మండిపోనూ!

"ఇదెవరి గూడు?" అన్నాడు పైకి మాత్రం మామూలుగా.

"రాజాది. గురువారం సాయంత్రం నుంచి వ్యానులో ఉంచాం. ఒంట్లో బాగోలేదు. ఏం?"

"ఏం లేదు. కంపు కొడుతోంది, కడిగించండి," అన్నాడు. నిజానికి కడగకూడదనే అతని కోరిక. చెప్పినపని చెయ్యడం దొరలకి అలవాటు ఉండదని తెలిసే ఆ మాట అన్నాడు.

ఒంటిగంటా నలభైకి గట్టు మలుపు దగ్గర వ్యాను దిగాడు. దారిలో గున్నమ్మని ఎక్కించుకున్నాడు. ఆమె ముందు సీట్లో ముడుచుకుని కూర్చుని, కొండబాబు వైపు చూడనైనా చూడలేదు.

బోర్డు ఇంకా అక్కడే ఉంది. నల్లకుక్క నాలుక చాపి ఉప్పుటేటివైపు పరిగెడుతోంది. అప్పలసూరి కూర్చుని కర్ర మొదలు చుట్టూ బురద గోకాడు. కర్ర మీద కుక్కపళ్ల గాట్లు దండిగా ఉన్నాయి. కానీ వాటిలో సగం మట్టి పైన, సగం మట్టి లోపల. నేలలో పూడిపోయిన కర్రని ఏ కుక్కా కొరకలేదు. ఈ కర్ర మొదట ఇంకెక్కడో పైపైన పాతి ఉండాలి. కుక్కలు మూడు రోజులు కొరికాక, ఎవరో పీకి తెచ్చి ఈ మెత్తటి బురదలో ఇంకా లోతుగా దిగేశారు.

లేచి గట్టు వెంబడి నూరడుగులు నడిచాడు. రెండో బోర్డు లేదు. తూము దాకా వెళ్లాడు. అక్కడా లేదు. తూములో కుళ్లిన నాచు, చచ్చిన చేప, కారులోంచి కారిన నూనె. ముక్కు మూసుకుని వెనక్కి వచ్చాడు.

"అసలు మైదానం మలుపు ఎక్కడ గున్నమ్మా?"

"అదిగో, ఆ తాడిచెట్లు దాటినాక బాబూ. బస్సు ఆగీ కాడ."

అక్కడికి నడిచేసరికి మలుపు తిరిగి నూరడుగుల్లో, గంగులు చెప్పినట్టే, రెండో బోర్డు ఒంటరిగా నిలబడి ఉంది. మలుపులో ఉండాల్సిన మొదటిది లేదు. ఆ చోట కర్ర లేని ఉత్త నేలని మూడు కుక్కలు మూతులు ఆనించి నాకుతున్నాయి. జీవితంలో మొదటిసారి అప్పలసూరికి కుక్కల్ని చూసి సంతోషం వేసింది.

వాటిని అదిలించి, మోకాళ్ల మీద కూర్చుని, పళ్లు బిగపట్టుకుని, కుక్కల చొంగతో తడిసిన ఆ మట్టిలో చెయ్యి పెట్టాడు. పైన గట్టిగా తొక్కిన మన్ను. కింద వదులు. మూరెడు లోతున నూనె కంపు గుప్పున కొట్టింది. కొరికి రాలిన కర్ర పేళ్లు చేతికి వచ్చాయి. కడుక్కుందామంటే నీళ్లు లేవు. చొక్కాకి తుడుచుకున్నాడు, ఛీ అనుకున్నాడు, మళ్లీ చెయ్యి పెట్టాడు.

"ఏటి బాబూ ఎతుకుతున్నావు?" బస్సుకోసం చేపలబుట్ట దించుకుని కూర్చున్న మనిషి అడిగింది. పేరు అసిరమ్మ. రోజూ ఇక్కడే బస్సెక్కి టెక్కలిలో చేపలు అమ్ముకుంటుంది.

"ఇక్కడ కర్ర ఉండేది, చూశావా అమ్మా?"

"సూడ్డమేటి! దాని మూలంగా నా కోక పాడైపోనాది. శుక్కురవారం ఎనక్కొచ్చి బస్సు దిగి, నడుం నొప్పెట్టి దానికి ఆనుకున్నాను. ఈపంతా నూనె! కుక్కలెదవలు నా ఎనకాలే ఇంటిదాకా వచ్చినాయి."

"ఏ వేళప్పుడు?"

"గుణుపురం ఎల్లీ సిన్నరైలు కూత ఏసినాది. ఆరయ్యుంటాది. శనివారం పొద్దుగాల వచ్చి సూస్తే కర్ర నేదు. పీడా పోనాదనుకున్నాను."

"ఆ మాట టెక్కలి కోర్టులో చెప్తావా?"

ఆమె గున్నమ్మ వైపు ఒకసారి చూసింది. "సెప్తాను. నాకేటి బయం?"

రోడ్డు మీద జీపు ఆగింది. రెండూ అయిదు. పట్నాయక్ దిగకుండానే తల బయటపెట్టాడు.

"ఏమయ్యా అప్పలసూరీ! కుక్కల్తోపాటు నువ్వు కూడా నేల నాకుతున్నావా?"

"మీ శాఖవాళ్లు వదిలేసింది ఎవరో ఒకరు నాకాలిగా! కర్ర శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఇక్కడుంది. శనివారం ఆరున్నరకి గట్టు మీద ఉంది. మధ్యలో పన్నెండున్నర గంటలు. అంతసేపూ గంగులు ఎక్కడున్నాడు?"

"చెప్పడం లేదు. అంటే కర్ర మారుస్తున్నాడన్నమాట."

"దొరగారి కుక్క గూట్లో ఉన్నాడు. తాళం వేసి." అప్పలసూరి అగ్గిపెట్టె తెరిచి చూపించాడు. "ఇదిగో, చెవి వెనక దొరికింది. ఊచల మీద వాడి రంగు వేళ్లున్నాయి. ఇప్పుడే వెళ్తే చూడొచ్చు."

వెనక గున్నమ్మ నోరు చేత్తో మూసుకుంది. ఆ చెయ్యి తియ్యలేదు.

పట్నాయక్ పగలబడి నవ్వాడు. "గోమారిని బోనెక్కించి ప్రమాణం చేయిస్తావా? దొరగారింట్లో గూళ్లు వెతకడానికి నాకేం పిచ్చి పట్టలేదు. పది రోజులకోసారి కలెక్టరు ఆ ఇంట్లో భోంచేస్తాడు."

"ఆ భోజనం మీకు కూడా ఒక విస్తరి వేస్తారు కాబోలు. పోనీ, డాక్టరు కారులో ఏం దొరికాయో అదైనా చెప్పండి."

పట్నాయక్ మొహం ఎర్రబడింది. అయినా పంచనామా కాయితం తీసి విసురుగా చదివాడు. "మార్కుల కాయితాలు. ఫ్లాస్కు. కార్బాలిక్ సీసా. తుపాకీ ఒకటి, తోటాలు రెండు. చాలా?"

"పోటీకి మార్కులేసే పెద్దమనిషికి తుపాకీ దేనికి?"

"నౌపడ మడుల్లో పిట్టలుంటాయి."

"పిట్టలకి రవ్వల తోటాలు. ఇవేమిటి?"

"గుండు తోటాలు," అన్నాడు పట్నాయక్ విసుగ్గా. "ఏదైతేనేం? ఆ పుచ్చుకర్ర కావాలంటే పీక్కుపో. పంచనామా, ఫొటో అయిపోయాయి. నాలుగింటికి వాడి నోటితో వాడే చెప్తాడు, నీ కర్ర వంటచెరుక్కి పనికొస్తుంది." జీపు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

గున్నమ్మ నెమ్మదిగా దగ్గరికి వచ్చింది. "గూట్లోనా బాబూ? మా మావ?"

"అవును. సిగ్గుపడి నీకు చెప్పలేదు."

ఆమె ఏడవలేదు. బంగళా ఉన్న దిక్కుకి తిరిగి కాండ్రించి ఉమ్మింది.

రెండు ఇరవై అయిదు. టెక్కలి బస్సు ఇంకో పావుగంటలో వస్తుంది. ఆడవాళ్లిద్దరూ బస్సులో, తను కర్ర తీసుకుని వ్యానులో. ఎవరు ముందు చేరితే వాళ్లు మేజిస్ట్రేటుని ఆపాలి. కొండబాబు గట్టు మీది నుంచి కర్రనీ బోర్డునీ పీకి వ్యానుని మలుపు దగ్గరికి తెచ్చాడు.

"లోపల మీరే సర్దుకోండి బాబూ. నాకా కంపు పడదు," అన్నాడు వెనక తలుపు తెరుస్తూ.

రాజా గూడు ముందువైపు చివర ఉంది, తలుపు దింపే ఉంది కదా అనుకుని అప్పలసూరి లోపలికెక్కాడు. కర్రని నేల రేకు మీద పొడుగ్గా పడుకోబెట్టాడు. సరిగ్గా సరిపోయింది. మరీ సరిగ్గా సరిపోయింది. కర్ర కింద రేకు మీద ముందే ఒక జిడ్డు చార ఉంది. అదే పొడవు, అదే వెడల్పు. గూటి కాళ్ల దగ్గర కొరికిన పేళ్లు రెండు ఇరుక్కుని ఉన్నాయి. వాసన చూశాడు. సొరచేప నూనె.

పొద్దున్న స్టేషన్లో కుక్కలు నాకింది మాంసం జిడ్డు కాదు. ఈ కర్ర ఈ బండి ఎక్కడం ఇది రెండోసారి.

మిగతావన్నీ ఒకదానివెంట ఒకటి వచ్చి కూర్చున్నాయి. గురువారం డాక్టరు కుక్కల్ని పరీక్షించాడు. అదే సాయంత్రం రాజాని మిగతావాటి నుంచి విడదీశారు. జారిన దవడ. తీగలు సాగే చొంగ. ముట్టని నీళ్లు. పద్నాలుగు సూదులు పొడిపించుకున్నవాడు పొద్దున్నే గుర్తుపట్టి ఉండాల్సింది! అసహ్యంతో మొహం తిప్పుకున్నాడు గానీ చూడలేదు. డాక్టరు శనివారం వస్తున్నది విశ్రాంతికి కాదు. ఆ గుండు తోటాలతో రాజాని కాల్చడానికి. ఒక్క రాజానే కాదు, అది కరిచినవాటినీ, దానితో కలిసి తిరిగినవాటినీ, ఇరవై రెండింటినీ చంపించమని కలెక్టరుతో చెప్పడానికి. కన్నబిడ్డలు! ఒక ముసలాయన ప్రాణం వాటికన్నా చవక అయింది దొరకి.

ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది. గంగులు రాత్రంతా పడుకున్నది రాజా గూట్లో. చొంగ చారల మీద. గీరుకుపోయిన చేతులతో.

వెనక తలుపు ధడాలున మూసుకుంది. బయట గడియ పడింది.

"కొండబాబూ!"

"దొరగారి మాట బాబూ. నానేటి సేసేది? పెల్లాం పిల్లలున్నోన్ని," అంది ముందు కిటికీ సందులోంచి గొంతు. ఇంజను మొదలైంది.

అప్పలసూరి పక్కరేకు సందుకి మొహం ఆనించాడు. వేలు పట్టేంత సందు. బయట గున్నమ్మ అసిరమ్మకి బుట్ట ఎత్తిస్తోంది. అగ్గిపెట్టెనీ పేడునీ ఆ సందులోంచి తోసేశాడు.

"గున్నమ్మా! అవి తీసుకో! బస్సెక్కు! మేజిస్ట్రేటుకి ఇవ్వు! గూటి సంగతి నాకు తెలుసని గంగులికి చెప్పు, సిగ్గుపడాల్సింది వాడు కాదని చెప్పు! విన్నావా? అంతకన్నా ముందు వాడికి ఆసుపత్రిలో పిచ్చికుక్క సూదులు వేయించు! ఇవాళే! రాజాకి పిచ్చి పట్టింది!"

గున్నమ్మ రోడ్డు మీద వంగి అగ్గిపెట్టె ఏరుకుంది. ఏదో అరిచింది. వ్యాను అప్పటికే కదిలి, టెక్కలివైపు కాకుండా తాడిచెట్లవైపు, గట్టువైపు తిరిగింది. మూడు ఊరకుక్కలూ వెనకే పరిగెడుతున్నాయి.

లోపల చీకట్లో రాజా మొదటిసారి లేచి నిలబడింది. అప్పలసూరి నూనె కర్రని రెండు చేతులా పట్టుకుని తలుపుకి వీపు ఆనించాడు. చేతులు జారుతున్నాయి.

ఎదురుగా తాడు బిగుసుకుంది. గూటి తలుపు బెత్తెడు పైకి లేచింది.